పాత పోత ఇనుప మెకానికల్ బ్యాంకులు: అసలువి గుర్తుపట్టి, కొని, దాచుకోవడం ఎలా

చెయ్యి చాపి నిలబడ్డ ముసలాయన అరచేతిలో సెంటు బిళ్ల పెట్టి మీట నొక్కితే చెయ్యి కిందికి దిగుతుంది, పక్కనున్న సంచి నోరు తెరుచుకుంటుంది, బిళ్ల అందులో పడుతుంది. ఆ హడావిడిలో ఆయన మేకగడ్డం కూడా ఆడుతుంది. ఇది 1886లో పేటెంట్ పొందిన 'అంకుల్ సామ్' బ్యాంక్, అంటే అమెరికాకి ప్రతీకగా గీసే ఆ పెద్దాయన రూపంలో చేసిన నాణేల డిబ్బీ. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరంలో షెపర్డ్ హార్డ్‌వేర్ కంపెనీ చేసింది. ఆ రోజుల్లో ఇలాంటి బొమ్మలు డాలరుకో, అంతకు లోపో వచ్చేవి. ఇప్పుడు రంగు బాగా నిలిచిన అసలు అంకుల్ సామ్‌కి వేల డాలర్లు పెట్టాలి. దాని నకలు మాత్రం వంద డాలర్ల లోపే దొరుకుతుంది. రెండూ ఒకే పని చేస్తాయి, ఫొటోలో దాదాపు ఒకేలా ఉంటాయి. ఈ హాబీలో డబ్బు పోయేదీ నిలిచేదీ ఆ తేడా తెలియడం మీదే కాబట్టి, కింద రాసినదాంట్లో పెద్ద భాగం దానికే పోతుంది.

1. ముందు ఆ కాలం సంగతి తెలుసుకోండి

నాణెం వేస్తే ఏదో ఒకటి కదిలేది మెకానికల్ బ్యాంక్. మన మట్టి డిబ్బీలాగా, గల్లగురిగిలాగా ఊరికే డబ్బు దాచుకునేదాన్ని కలెక్టర్లు స్టిల్ బ్యాంక్ అంటారు. రెండో రకం చవక. నకళ్ల బెడద రెండింటికీ ఉంది, మొదటి రకానికి బాగా ఎక్కువ.

అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిసింది. ఆ తర్వాత ఈశాన్య రాష్ట్రాల్లోని ఇనుప ఫౌండ్రీలు తలుపు బందులు, సుత్తుల పక్కనే బొమ్మలూ పోయడం మొదలుపెట్టాయి. 1869 డిసెంబరులో మసాచుసెట్స్‌లోని వాటర్‌టౌన్‌కి చెందిన జాన్ హాల్ 'హాల్స్ ఎక్సెల్సియర్'కి పేటెంట్ తీసుకున్నాడు. చిన్న బ్యాంకు భవనం. గుమ్మం దగ్గరి గంట తాడు లాగితే పైకప్పు లేచి కోతి క్యాషియర్ బయటికొస్తాడు. అతని బల్ల మీద బిళ్ల పెడితే ఆ బరువుకే లోపలికి దిగిపోతాడు, కప్పు మూసుకుంటుంది. దాన్ని తయారుచేసింది కనెక్టికట్‌లోని క్రామ్‌వెల్‌లో ఉన్న జె. అండ్ ఇ. స్టీవెన్స్ కంపెనీ. 1843లో పెట్టిన ఆ కంపెనీయే తర్వాత ఈ రంగంలో అందరికన్నా పెద్దదైంది.

1870 నుంచి 1910 వరకు మంచి కాలం. ఆ తర్వాత తగరపు రేకు బొమ్మలు, ఇతర చవక బొమ్మలు వచ్చి వీటిని వెనక్కి నెట్టాయి. 1930ల తర్వాత పోసినదాన్ని పాతది అని ఎవరైనా అమ్మితే అనుమానించాల్సిందే.

2. నాలుగైదు కంపెనీల చేతివాటం గుర్తుపట్టండి

అన్ని పేర్లూ బట్టీ పట్టక్కర్లేదు. స్టీవెన్స్, షెపర్డ్, ఫిలడెల్ఫియాలోని కైజర్ అండ్ రెక్స్, పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌కి చెందిన హబ్లీ, ఈ నాలుగూ తెలిస్తే వేలంలో కనిపించేవాటిలో చాలా భాగం తెలిసినట్టే.

స్టీవెన్స్ వాళ్ల దగ్గర మంచి డిజైనర్లు ఉండేవాళ్లు. జేమ్స్ బోవెన్ చేసిన 'క్రీడ్‌మూర్' (1877)లో తుపాకీ పట్టుకున్న సిపాయి బిళ్లను చెట్టులోకి కాలుస్తాడు. ఆ కంపెనీదే 'ఈగల్ అండ్ ఈగ్లెట్స్' (1883). తల్లి గద్ద ముక్కులో బిళ్ల పెట్టి మీట నొక్కితే అది వంగి గూట్లో వేస్తుంది, పిల్లలు లేచి నోళ్లు తెరుస్తాయి, లోపలి చిన్న తోలుతిత్తి వల్ల కీచుమంటాయి. ఆ తోలు నూట నలభై ఏళ్ల నాటిది, కాబట్టి ఇప్పుడు చాలావాటిలో చప్పుడు రాదు. దాన్ని లోపంగా చూడకండి. పైగా మరీ హుషారుగా అరుస్తుంటే ఆ తిత్తి ఎప్పుడు మార్చారని అడగండి. బోవెన్‌దే 1890 నాటి 'గర్ల్ స్కిపింగ్ రోప్'. సన్నటి భాగాలు, కష్టమైన యంత్రం, చాలా ఖరీదు. చార్లెస్ బెయిలీ చేసిన 'టెడ్డీ అండ్ ద బేర్' (1907)లో థియోడర్ రూజ్‌వెల్ట్ కాలిస్తే చెట్టు మొద్దులోంచి ఎలుగుబంటి తల పైకొస్తుంది.

షెపర్డ్ 1880లలో ఈ బ్యాంకులు మొదలుపెట్టి 1890ల తొలి రోజుల్లోనే ఈ వ్యాపారం మానేసింది. ముఖాలకు వేసిన రంగులు చూస్తే వీళ్లదే పైచేయి అంటాను. చిక్కేమిటంటే షెపర్డ్ రంగు పెచ్చులుగా ఊడుతుంది. అందుకే నిండుగా రంగున్న షెపర్డ్ ముక్కకి అంత రేటు. మరి రంగు ఒక్క పెచ్చు కూడా ఊడకుండా తళతళలాడుతుంటే? సంతోషించే ముందు అయిదో అడుగు చదవండి.

3. ఏం సేకరించాలో తేల్చుకోండి

మొదటి బ్యాంక్‌గా నేను చెప్పేది 'టామనీ'. ఇదీ జాన్ హాల్‌దే, 1873 పేటెంట్. కుర్చీలో బొద్దుగా కూర్చున్న నాయకుడి చేతిలో బిళ్ల పెడితే ఆ బరువుకే చెయ్యి కదిలి బిళ్ల జేబులోకి జారుతుంది, ఆయన థాంక్స్ అన్నట్టు తలూపుతాడు. న్యూయార్క్‌లో టామనీ హాల్ రాజకీయ ముఠా అవినీతి మీద వేసిన సెటైర్ అది. మీట లేదు, స్ప్రింగ్ లేదు, అంటే చెడిపోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఏళ్ల తరబడి చేశారు కాబట్టి దొరుకుతుంది, ఓ మాదిరి రంగున్నది కొన్ని వందల డాలర్లలో వస్తుంది. లంచం జేబులో వేసుకుని తలూపే పెద్దమనిషి కాబట్టి ఇంటికొచ్చిన వాళ్లకి వివరించాల్సిన పని కూడా ఉండదు.

తర్వాత ఒక దారి ఎంచుకోండి: ఒకే కంపెనీ, లేదా జంతువులు, లేదా షూటింగ్ బ్యాంకులు (బొమ్మ తుపాకీ కాల్చేవి), లేదా భవనాలు. పది నాసి ముక్కల కన్నా ఒక మంచి ముక్క మేలు. ఈ మాట ప్రతి హాబీలోనూ అంటారుగానీ ఇక్కడ లెక్క కూడా అదే చెబుతుంది. రంగు పోయిన ముక్కని తిరిగి అమ్మడం చాలా కష్టం.

ఒక విషయం దాటేసి వెళ్లలేం. ఈ బ్యాంకుల్లో చాలావాటిలో నల్లజాతివాళ్లని, చైనీయులని, ఐరిష్ వాళ్లని, అమెరికా ఆదివాసులని ఘోరంగా ఎగతాళి చేశారు. పిల్లల బొమ్మల ద్వారానే ద్వేషాన్ని నేర్పిన కాలమది. మిషిగన్‌లోని ఫెరిస్ స్టేట్ యూనివర్సిటీలో ఉన్న జిమ్ క్రో మ్యూజియం ఇలాంటి వస్తువులని ఆ చరిత్ర చెప్పడానికే ప్రదర్శిస్తోంది. కొందరు కలెక్టర్లు వీటిని చరిత్ర సాక్ష్యంగా కొంటారు, కొందరు అసలు ముట్టరు. నేను ముట్టనివాళ్లలో ఒకణ్ని. హాల్లో షోకేసులో పెట్టి నవ్వుకునే వస్తువులు మాత్రం కావు.

4. కొనకముందు చేత్తో పట్టుకోండి

ఫొటోలు చూసి పోత ఇనుము గురించి ఏమీ తెలియదు. న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో స్ట్రాంగ్ మ్యూజియంలో ఈ బ్యాంకులు ఉన్నాయి, అద్దం వెనక నుంచైనా రంగు చూడొచ్చు. చేత్తో పట్టుకోవాలంటే వేలానికి ముందు జరిగే ప్రివ్యూలకి వెళ్లాలి. న్యూజెర్సీలోని వైన్‌లాండ్‌లో బెర్టోయా ఆక్షన్స్, పెన్సిల్వేనియాలోని డెన్వర్‌లో మార్ఫీ ఆక్షన్స్ ఈ బ్యాంకులకి పేరున్నవి. (కొలరాడోలో ఉన్న డెన్వర్ కాదు, టికెట్ బుక్ చేసేముందు చూసుకోండి.) న్యూజెర్సీలోనే ఎడిసన్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లకి వైన్‌లాండ్ కారులో రెండు గంటల లోపే. కొనకపోయినా ఎవరూ ఏమీ అనరు. మెకానికల్ బ్యాంక్ కలెక్టర్స్ ఆఫ్ అమెరికా అనే సంఘం 1958 నుంచి ఉంది. అందులో చేరితే ముప్పై నలభై ఏళ్లుగా వీటినే చూస్తున్నవాళ్లు పరిచయమవుతారు. వాళ్లలో ఒకరితో పది నిమిషాలు కూర్చుంటే చాలా పని జరుగుతుంది.

5. అసలా, నకలా

ముందు నకళ్లు ఎక్కడివో తెలియాలి. 1950లలో 'బుక్ ఆఫ్ నాలెడ్జ్' పేరుతో అసలు బ్యాంకుల నుంచి అధికారికంగా నకళ్లు పోయించి అమ్మారు. పోత మంచిదే, మోసమూ లేదు. ఆ కలెక్షన్‌లోని అసలుదాని నుంచి తీసిన నకలని అడుగున అక్షరాలు పోసి మరీ చెప్పారు. మోసం తర్వాత మొదలైంది. ఆ అక్షరాలని అరగదీసి, పైన నల్లరంగు కొట్టి అసలువిగా అమ్మినవాళ్లున్నారు. కాబట్టి అడుగుభాగంలో ఒకచోట ఇనుము మరీ నున్నగా, రాపిడి గీతలతో ఉంటే వదిలేయండి. 1970ల నుంచి తైవాన్, ఆ తర్వాత చైనా పోతలు వచ్చాయి. ముంబై చోర్ బజార్‌లోనో, ఆన్‌లైన్‌లో 'వింటేజ్' అనే పేరుతోనో మనకి కనిపించేవి దాదాపు అన్నీ ఇలాంటి కొత్త పోతలే. అలంకారానికి కొనుక్కోండి, పాతదానికి ఇచ్చే ధర ఇవ్వకండి.

పరీక్ష ఇలా చేయండి.

కొలత. కరిగిన ఇనుము చల్లారితే దాదాపు ఒక శాతం కుదించుకుపోతుంది. అసలు కంపెనీవాళ్లు ఆ మేరకు పెద్ద నమూనా చేసుకుని ఇసుకలో అచ్చు తీసేవాళ్లు. నకలు పోసేవాడు అసలు బ్యాంకునే నమూనాగా వాడతాడు, అందుకే వాడి ముక్క ఆ ఒక శాతం చిన్నదిగా వస్తుంది. పది అంగుళాల అడుగుపలక మీద అది అంగుళంలో పదో వంతు, అంటే రెండున్నర మిల్లీమీటర్లు. కంటికి తెలియదు, స్కేలుకి తెలుస్తుంది. బ్యాంకుని తెల్లకాగితం మీద నిలబెట్టి, పెన్సిల్‌ని నిటారుగా పట్టుకుని అడుగు చుట్టూ గీసుకోండి. కలెక్టర్లు అసలు బ్యాంకుల అడుగు గీతల్ని ఎప్పుడో ప్రచురించి పెట్టారు, సంఘం సభ్యుల దగ్గర దొరుకుతాయి. మీ గీత వాటికన్నా లోపలికి పడితే ఇంకేం చూడక్కర్లేదు. సరిగ్గా సరిపోతే మాత్రం పరీక్ష అయిపోయినట్టు కాదు, కొత్త నమూనా సరైన కొలతతో చేయించినవాళ్లూ ఉంటారు.

పోత, అతుకు. ఈ బ్యాంకులు రెండు మూడు భాగాలుగా పోసి బిగించినవి. పాత ఫౌండ్రీలు సన్నటి ఇసుక వాడాయి, తర్వాత ఆకురాయితో సాపు చేశాయి. అందుకే అసలుదాని వీపు మీద వేలు పోనిస్తే నున్నగా ఉంటుంది, రెండు సగాలు కలిసేచోట గోరు కూడా దిగదు. నకలు గరుకుగా, గుల్లగుల్లగా ఉంటుంది, అతుకు దగ్గర సందు కనిపిస్తుంది. ముఖం చూడండి: అసలుదాంట్లో కనురెప్ప, బొత్తాం, జుట్టు పాయ విడివిడిగా తెలుస్తాయి, నకల్లో అవన్నీ కరిగిన మైనంలా ఉంటాయి.

స్క్రూలు. ప్లస్ ఆకారపు గాడి ఉన్న ఫిలిప్స్ స్క్రూలు 1930లలో వచ్చాయి. 1885 నాటిదని చెప్పే బ్యాంకు అడుగున అలాంటి స్క్రూ ఉంటే అది కొత్తదైనా అవ్వాలి, ఎవరైనా విప్పి బిగించైనా ఉండాలి. ఒకే గాడి ఉన్న స్క్రూ మాత్రం దేనికీ రుజువు కాదు. దాని తల చుట్టూ ఉన్న రంగు చూడండి. గాడి అంచులు మెరుస్తూ, చుట్టూ రంగు తెగి ఉంటే ఈమధ్య విప్పారని అర్థం.

తుప్పు. పాత తుప్పు ముదురు గోధుమరంగులో, ఇనుముకి అంటుకుపోయి ఉంటుంది. వేలికి నారింజ పొడి అంటుతుంటే అది కొత్తది. ఉప్పునీళ్లు చల్లి తెప్పించిన తుప్పు కూడా అలాగే ఉంటుంది.

అరుగుదల. పిల్లల చేతులు ఎక్కడ పడతాయో అక్కడే అరగాలి: మీట చివర, నాణెం గాడి, అడుగు అంచులు, తల పైభాగం. చంక కింద, కాళ్ల మధ్యలో కూడా రంగు పోయి ఉంటే ఎవరో ఇసుక కాగితంతో కష్టపడ్డారన్నమాట.

లోపలి భాగం. అడుగు మూత తీసి ఫోన్ టార్చి వేయండి. పాతదాని లోపల నల్లగా, దుమ్ముగా ఉంటుంది. బూడిదరంగు ఇనుము మెరుస్తున్నా, లోపల కూడా స్ప్రే రంగు కనిపించినా కొత్తదే. విరిగి అతికించిన చోట ఇత్తడి రంగు గీత లోపలివైపు బయటపడుతుంది. పైన దాన్ని రంగుతో కప్పేయగలరు, లోపల ఎవరూ శ్రమపడరు.

రంగు. చీకటి గదిలో యూవీ టార్చి వేస్తే తర్వాత వేసిన రంగు చాలాసార్లు పాతదానికి భిన్నంగా మెరుస్తుంది. మొత్తం ఒకేలా కనిపిస్తూ ఒక చెయ్యో, టోపీయో వేరుగా వెలిగితే అక్కడ రిపేర్ జరిగింది. పాత రంగులో సన్నటి బీటలు ఉంటాయి, పగిలిన అంచులు పదునుగా ఉంటాయి. కొత్త రంగు ఆ పాత గుంటల్లోకి పారి ఉంటుంది. భూతద్దం కింద ఇది స్పష్టంగా తెలుస్తుంది. నా లెక్కలో అన్నిటికన్నా నమ్మదగ్గ పరీక్ష ఇదే.

ఇక భాగాల సంగతి. అంకుల్ సామ్ గొడుగు, అడుగు మూతలు, చిన్న మీటలు ఎక్కువగా పోతాయి, వాటి బదులు కొత్తవి పోసి పెడతారు. రెండు విరిగిన బ్యాంకుల్ని కలిపి ఒకటి చేసేవాళ్లూ ఉన్నారు. మార్చిన భాగం ఉంటే కొనకూడదని కాదు, అది చెప్పి, ధర తగ్గించి అమ్మాలి. కొన్నిటికి పాతదీ కొత్తదీ రెండూ అసలువే: హబ్లీ పేరుతో తెలిసే 'ట్రిక్ డాగ్'లో ఆరు భాగాల అడుగున్నది పాతది, ఒకే ముక్కగా పోసిన అడుగున్నది తర్వాతది, చవక. అమ్మేవాడు ఏది చూపించి ఏ ధర చెబుతున్నాడో గమనించండి.

6. ధర

అరుదుతనం కన్నా రంగే ఎక్కువ మాట్లాడుతుంది. తొంభై శాతం అసలు రంగున్న ముక్క, యాభై శాతం ఉన్నదాని కన్నా ఎన్నో రెట్లు పలుకుతుంది. తిరిగి రంగు వేసినదైతే ఎంత అందంగా ఉన్నా కిందికి పడిపోతుంది. అరుదుతనం, రంగు రెండూ కలిసొస్తే ఏమవుతుందో 2007లో మార్ఫీ వేలంలో స్టెక్‌బెక్ దంపతుల కలెక్షన్ చూపించింది. మొత్తం 70 లక్షల డాలర్లు దాటింది, అందులో అరుదైన ఒక 'జోనా అండ్ ద వేల్' బ్యాంకే 4 లక్షలు దాటింది. అలాంటి వార్త చదివి నాయనమ్మ గారి పెట్టెలో ఉన్నదీ లక్షలు చేస్తుందనుకోవద్దు. మామూలు ముక్కల ధరలు ఏటా పెరుగుతూనే ఉంటాయన్న హామీ కూడా లేదు. పెట్టుబడిగా చూసేవాళ్లకి నేనిచ్చే సలహా బంగారమే.

వేలంలో పాట డబ్బుతో లెక్క ముగియదు. 1,000 డాలర్లకి పాడితే, 25 శాతం బయ్యర్స్ ప్రీమియం (వేలం సంస్థ కొన్నవాళ్ల దగ్గర పైన తీసుకునే రుసుము) ఉన్నచోట 1,250 అవుతుంది. పైన ట్యాక్స్, షిప్పింగ్. ముందే మొత్తం రాసుకుని, ఎక్కడ ఆగాలో అంకె వేసుకుని కూర్చోండి. లైవ్‌లో పాడుతుంటే చెయ్యి ఆగదు.

ఆన్‌లైన్‌లో విడిగా అమ్మేవాళ్ల దగ్గర కొంటే ఇవి అడగండి: పగటి వెలుతురులో అడుగుభాగం ఫొటో, స్క్రూల క్లోజప్, వెనక అతుకు, లోపలి ఫొటో, బిళ్ల వేస్తున్న వీడియో. రంగు అసలుదేనని, భాగాలు మార్చలేదని రాతలో ఇవ్వాలి, కాకపోతే వెనక్కి తీసుకోవాలి. "మా తాతగారి ఇంట్లోది" అనే కథకి రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి. ఇవేవీ పంపకుండా తొందరపెడుతుంటే టెన్షన్ పడకుండా వదిలేయండి, ఇంకోటి వస్తుంది.

7. ప్యాకింగ్, ఇండియాకి తేవడం

ఇనుమే కదా అని అశ్రద్ధ చేయకండి. పోత ఇనుము వంగదు, పగులుతుంది. కదిలే చెయ్యికీ ఒంటికీ మధ్య మెత్తటి ఫోమ్ పెట్టి, పెట్టెలో పెట్టి, ఆ పెట్టెని ఇంకో పెద్ద పెట్టెలో పెట్టాలి. రబ్బరు బ్యాండ్లు, టేపు రంగు మీద అస్సలు పడకూడదు. స్ప్రింగ్ బిగించి ఉంటే వదులు చేసి పంపమని చెప్పండి.

ఇంటికి తెచ్చుకునేవాళ్లు కస్టమ్స్ సుంకం ఎంతో పాడకముందే కనుక్కోండి, బిల్లు దగ్గర ఉంచుకోండి. మరొకటి: నూరేళ్లు దాటిన పురావస్తువుల్ని అనుమతి లేకుండా దేశం బయటికి పంపడాన్ని 1972 నాటి మన చట్టం నిషేధిస్తుంది. రేపు ఆ బ్యాంకుని అమెరికా వేలానికి తిరిగి పంపాలనుకుంటే, అది బయటినుంచి వచ్చిందని చూపే కాగితాలు లేకపోతే చిక్కు. అమ్మే ఉద్దేశం ఉన్నవాళ్లు అసలు అమెరికాలోనే బంధువుల ఇంట్లో ఉంచడం తెలివైన పని.

8. ఇంట్లో చూసుకోవడం

కడగకండి. చింతపండు, బ్రాసో, తుప్పు వదిలించే ద్రవాలు, ఏవీ వద్దు. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో అద్దాల అలమరలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి, వానాకాలంలో మారుస్తుండండి. ఎండ నేరుగా పడితే ఎరుపు రంగు ముందు వెలిసిపోతుంది. అడుగున ఫెల్ట్ గుడ్డ పరవండి, అతికించకండి.

ఆడించడం తప్పేమీ కాదు, వాటిని చేసిందే అందుకు. అయితే రోజూ వచ్చిన ప్రతివాళ్లకీ చూపించకండి. సరైన బిళ్ల వాడండి: అమెరికా సెంటు 19 మిల్లీమీటర్లు ఉంటుంది, మన రూపాయి బిళ్లలు అంతకన్నా పెద్దవి, గాడిలో ఇరుక్కుంటాయి. ఇరుక్కుంటే మీటని బలంగా నొక్కకండి. తిరగేసి మెల్లగా ఊపండి, అడుగు మూతలోంచి సన్నటి చెక్కపుల్లతో కదపండి. స్క్రూలు విప్పడం ఆఖరి మార్గం. విప్పితే చుట్టూ రంగు తెగుతుంది, రేపు కొనేవాడు అదే చూస్తాడు.

ఆ కాలపు రంగుల్లో సీసం ఉంటుంది. చిన్నపిల్లలకి ఇవ్వకండి, రాలిన పెచ్చుల్ని చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో ఎత్తండి, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. మనవడు మరీ మారాం చేస్తే ముప్పై డాలర్ల కొత్త నకలు ఒకటి కొనిపెట్టండి, అయితే దాని రంగులోనూ సీసం లేదని రాసి ఉందో లేదో చూసి కొనండి.

ప్రతి ముక్కకీ ఒక కవరు పెట్టుకోండి: కొన్న బిల్లు, వేలం కేటలాగ్ పేజీ, అడుగు గీత గీసిన కాగితం, కొన్నరోజు తీసిన ఫొటోలు. 1880లలో కంపెనీలు ఈ బొమ్మల ప్రచారానికి అచ్చువేసిన రంగుల ట్రేడ్ కార్డులు, చెక్క పెట్టెలు కూడా అప్పుడప్పుడు విడిగా అమ్మకానికి వస్తాయి. మీ దగ్గరున్న బ్యాంకుదే దొరికితే వదలొద్దు. కొన్నిసార్లు ఆ చెక్క పెట్టె ఒక్కటే మామూలు బ్యాంకు ధర పలుకుతుంది, కాబట్టి దానికీ నకళ్లుంటాయని గుర్తుంచుకుని, ఇనుముని చూసినంత జాగ్రత్తగా చెక్కనీ చూడండి.